ఊపిరికి ఊరి కొలత

పాతబస్తీలో ఉండే ఒక తల్లి, పిల్లికూతలు తగ్గని తన తొమ్మిదేళ్ల కొడుకును ఛాతీ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లిందనుకుందాం. వాడి ముక్కుకు క్లిప్పు పెడతారు, నోట్లో గొట్టం పెడతారు. "గట్టిగా పీల్చు, ఇప్పుడు ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని పక్కనే నిలబడి అరుస్తారు. పిల్లవాడి మొహం ఎర్రబడే లోపు యంత్రం నుంచి ఒక కాగితం బయటికి వస్తుంది. దాని మీద 82 శాతం అని ఉంటుంది. "మంచిగున్నట్టా సారూ?" అని తల్లి అడుగుతుంది.

ఆ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. 82 శాతం అంటే నూటికి ఎనభై రెండు. మరి ఆ నూరు ఎవరిది? ఏ ఊరి పిల్లల ఊపిరిని కొలిచి దాన్ని నూరు అన్నారు? ఆ పిల్లలు ఏం తిని, ఎలాంటి ఇళ్లలో, ఏ గాలి పీల్చి పెరిగారు? ఇవి తెలియకుండా 82 ఎక్కువో తక్కువో ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్‌లో ఆ నూరును వెతికిన వైద్య పరిశోధకుల్లో ముందు చెప్పుకోవలసిన పేరు డాక్టర్ కె.జె.ఆర్. మూర్తి. మహావీర్ ఆసుపత్రిలో, దానికి అనుబంధంగా ఉన్న భగవాన్ మహావీర్ వైద్య పరిశోధన కేంద్రంలో ఆయన, ఆయన సహచరులు చేసిన పని గురించే ఈ అధ్యాయం. ఆ పని విలువ తెలియాలంటే మాత్రం కొంచెం వెనక్కి, నిజాంల కాలానికి వెళ్లాలి.

1845, 1846

పాతబస్తీ దూద్‌బౌలీలో ఉండే వీరన్న గౌడ్‌కు 1845లో ఒక సాధువు ఉబ్బసానికి మందు చెప్పాడని ఆయన వారసులైన బత్తిని కుటుంబం చెబుతుంది. అప్పటి నుంచి ఏటా మృగశిర కార్తె నాడు, బతికున్న చిన్న కొరమీను నోట్లో పసుపురంగు మందుముద్ద పెట్టి రోగి గొంతులోకి జారుస్తున్నారు. చేప తినని వాళ్లకు అదే మందు బెల్లంలో పెట్టి ఇస్తారు. మొదట్లో ఇది పాతబస్తీ ఇంటి దగ్గరే జరిగేది. జనం పెరిగాక నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. డబ్బు తీసుకోరు. మూడేళ్లు వరసగా తీసుకోవాలని, తర్వాత 45 రోజులు పత్యం ఉండాలని చెబుతారు.

ఆ మరుసటి ఏడాదే, 1846లో, హైదరాబాద్ వైద్య పాఠశాల మొదలైంది. ఉర్దూలో వైద్యం బోధించిన బడి అది. ఉస్మానియా వైద్య కళాశాలకు మూలం అదే. అదే 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు స్పైరోమీటర్ అనే కొత్త పరికరం గురించి ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. నీళ్లలో బోర్లించిన పాత్రలోకి మనిషి ఊదితే, పాత్ర ఎంత పైకి లేచిందో చూసి ఊపిరి ఎంతో లెక్కగట్టే పరికరం అది. హచిన్సన్ 2,130 మందిని కొలిచాడు. నావికులు, పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, మల్లయోధులు, ధనవంతులు, అనాథాశ్రమాల్లోని దరిద్రులు, అందరూ ఆ లెక్కలో ఉన్నారు. మనిషి ఎత్తు పెరిగేకొద్దీ ఊపిరి పెరుగుతుందని, అదీ ఒక క్రమంలో పెరుగుతుందని ఆయన కనిపెట్టాడు. అయిదడుగులకూ ఆరడుగులకూ మధ్య ఒక్కో అంగుళానికి ఎనిమిది ఘనపుటంగుళాల చొప్పున. నేటి ఊపిరి పరీక్షలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి.

ఒక విశ్వాసం, ఒక బడి, ఒక కొలబద్ద రెండేళ్లలోపే పుట్టాయి. మొదటి రెండూ ఈ ఊళ్లోనే ఉన్నాయి. మూడోది ఈ ఊరి పిల్లల దగ్గరికి సరైన రూపంలో రావడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

మధ్యలో ఒక గొప్ప ఘట్టం ఉంది. హైదరాబాద్ వైద్య పాఠశాలను నడిపిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ఇచ్చినప్పుడు రోగులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో, మళ్లీ 1889లో జంతువుల మీద ప్రయోగాలు చేయించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించాడు. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. మత్తు ఇచ్చేటప్పుడు నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరిని చూడండి, ముందు ఆగేది ఊపిరే అని లారీ వాదం. ప్రపంచమంతా హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ గురించి మాట్లాడింది. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ, క్లోరోఫాం తక్కువ మోతాదులో కూడా గుండెను ఒక్కసారిగా ఆపేయగలదని చూపించాక, లారీ తీర్పు సగమే నిజమని తేలింది. ఈ ఊరు విజ్ఞానానికి ఇచ్చిన మొదటి పెద్ద పాఠం ఇదేనని నేననుకుంటాను. వందల జంతువుల మీద కొలిచిన కొలత కూడా, దేనితో పోల్చాలో ముందే సరిగా ఆలోచించకపోతే, తప్పు తీర్పు ఇవ్వగలదు.

చేపమందు విషయంలోనూ చిక్కు అక్కడే. దాన్ని తీసుకున్నవాళ్లలో చాలామంది తగ్గిందనే చెబుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అమెరికాలోని ట్యూసాన్ నగరంలో 1980 నుంచి వెయ్యిమందికి పైగా పిల్లలను పుట్టుక నుంచి గమనించిన ఫెర్నాండో మార్టినెజ్ బృందం ఒక సంగతి గుర్తించింది. మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి, ఆరేళ్లొచ్చేసరికి అవి వాటంతట అవే ఆగిపోయాయి. పసితనంలో గాలిగొట్టాలు సన్నగా ఉంటాయి, జలుబు చేస్తే పూడుకుంటాయి, ఎదిగేకొద్దీ వెడల్పవుతాయి. మూడేళ్లు వరసగా చేపమందు తీసుకున్న పసివాడికి ఆయాసం తగ్గితే, తగ్గించింది చేపా, వయసా? మందు తీసుకోని అలాంటి పిల్లలనే పక్కన పెట్టి చూడకుండా ఎవరూ చెప్పలేరు. అలాంటి పరీక్షలో ఆ మందు పనిచేస్తుందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు ఏళ్లతరబడి అడుగుతున్నది ఈ రుజువునే. ఇప్పుడు దాన్ని మందు అనకుండా చేప ప్రసాదం అంటున్నారు.

రొమ్ము లోపలి చెట్టు

ఊపిరితిత్తి ఎలా పెరుగుతుందో కొంత తెలిస్తే తప్ప ఆ 82 అంకె అర్థం కాదు. గొంతు దిగువన గాలిగొట్టం రెండుగా చీలుతుంది. ఆ రెండూ మళ్లీ రెండేసి. ఇలా సుమారు ఇరవైమూడు సార్లు చీలి, చివర గాలిబుడగల్లో ముగుస్తాయి. అచ్చం తలకిందులుగా వేలాడదీసిన మర్రిచెట్టులా ఉంటుంది. పెద్దవాళ్లలో ఈ గాలిబుడగలు సగటున 48 కోట్లు ఉంటాయని 2004లో ఒక లెక్క తేల్చింది. పుట్టిన బిడ్డకు వీటిలో చిన్న వంతే ఉంటాయి. మిగిలినవి పుట్టాకే తయారవుతాయి. మొదటి రెండు మూడేళ్లలో చాలా వేగంగా, ఆ తర్వాత నెమ్మదిగా, యవ్వనం దాకా.

అంటే గొట్టాల కొమ్మలన్నీ తల్లి కడుపులోనే వేసుకొచ్చిన బిడ్డ, ఆకులను మాత్రం ఇంట్లో, వీధిలో, బడిలో వేసుకుంటుంది. ఆ ఏళ్లలో నెమ్ము చేసినా, కడుపునిండా తిండి లేకపోయినా, గదినిండా పొగ ఉన్నా, ఆ లోటు తర్వాత పూర్తిగా భర్తీ కాకపోవచ్చు. ఇరవై అయిదేళ్లకు అటూ ఇటూ ఊపిరి గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. శిఖరమే పొట్టిదైనవాడు కిందికి త్వరగా చేరతాడు. సిగరెట్టు ముట్టకుండానే యాభై ఏళ్లకు మెట్లెక్కలేని మనిషి కథ, చాలాసార్లు అయిదేళ్ల వయసులో మొదలై ఉంటుంది.

డేవిడ్ బార్కర్ అనే ఆంగ్ల వైద్యుడు 1991లో దీన్ని ఊహించని చోట రుజువు చేశాడు. ఇంగ్లండ్‌లోని హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పిల్లల బరువు, జబ్బులు పుస్తకాల్లో రాసి పెట్టారు. ఆ పసివాళ్లు అరవై దాటాక బార్కర్ వెతికి పట్టుకుని వాళ్ల ఊపిరి కొలిచాడు. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకూ, మొదటి ఏడాదిలో నెమ్ము చేసినవాళ్లకూ ఊపిరి తక్కువగా ఉంది. అరవై ఏళ్ల తర్వాత కూడా ఆ గుర్తు చెరగలేదు.

ఈ విషయంలో స్పైరోమీటర్ రెండు ముఖ్యమైన సంగతులు చెబుతుంది. గుండెనిండా పీల్చిన గాలి మొత్తం ఎంత బయటికి వచ్చింది అన్నది మొదటిది. దాన్ని ఎఫ్‌వీసీ అంటారు. అందులో మొదటి ఒక్క సెకనులో ఎంత వచ్చింది అన్నది రెండోది, ఎఫ్‌ఈవీ1. ఆస్తమా ఉన్న పిల్లవాడి లోపల గాలి ఉంటుంది, కానీ గొట్టాలు ముడుచుకుని ఉంటాయి కాబట్టి మొదటి సెకనులో కొంచెమే వస్తుంది. ఊపిరితిత్తే చిన్నగా ఉన్న పిల్లవాడికి రెండూ తక్కువే. 130 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లవాడి ఎఫ్‌వీసీ సుమారుగా లీటరున్నరకూ రెండు లీటర్లకూ మధ్య ఉంటుంది. అయిదేళ్లు దాటిన పిల్లలు, ఓపిగ్గా నేర్పితే, ఈ పరీక్ష చేయగలరు.

ఏసీ గార్డ్స్ నుంచి

మహావీర్ ఆసుపత్రి మూసీకి ఉత్తరాన, ఏసీ గార్డ్స్ దగ్గర ఉంది. పురానాపూల్ దాటితే పాతబస్తీ. మూర్తి గారి పేరు మొదట ప్రపంచానికి తెలిసింది పిల్లల ఊపిరి లెక్కలతో కాదు, క్షయతో.

1990ల నడిమికి మన దేశంలో క్షయరోగుల్లో చాలామంది ముందు వెళ్లేది పక్కవీధిలోని ప్రైవేటు డాక్టరు దగ్గరికే. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో చీటీ. రెండు నెలలకు దగ్గు తగ్గగానే డబ్బు అయిపోయి రోగి మందు మానేస్తాడు. ప్రభుత్వ కేంద్రంలో మందులు ఉచితమే గానీ, రోజుకూలీకి వెళ్లేవాడికి అక్కడి వేళలు కుదరవు. 1995లో మహావీర్ ఆసుపత్రి ఒక లక్ష జనాభా ఉన్న ప్రాంతాన్ని తీసుకుని కొత్త పద్ధతి మొదలుపెట్టింది. ప్రైవేటు డాక్టర్లు రోగిని పంపుతారు. ఆసుపత్రి కఫం పరీక్ష చేసి వైద్యం నిర్ణయిస్తుంది. మందులు ప్రభుత్వానివి. ఆ మందులను రోగి తన ఇంటికి దగ్గరలో ఉన్న క్లినిక్‌లోనో నర్సింగ్ హోమ్‌లోనో, ఒకరు చూస్తుండగా మింగుతాడు. మూడేళ్లకు అది అయిదు లక్షల జనాభాకు విస్తరించింది. కఫంలో క్రిములున్న కొత్త రోగుల్లో తొంభై శాతానికి పైగా వైద్యం సఫలమైంది. ఈ అనుభవాన్ని మూర్తి, థామస్ ఫ్రీడెన్, యజ్దానీ, హృషీకేశ్ కలిసి 2001లో అంతర్జాతీయ క్షయ పత్రికలో రాశారు. ఫ్రీడెన్ ఆ తర్వాత అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థకు అధిపతి అయ్యాడు. ప్రభుత్వమూ ప్రైవేటు వైద్యులూ కలిసి క్షయను ఎదుర్కోవడం గురించి ఎక్కడ మాట్లాడినా హైదరాబాద్ పేరు చెప్పే రోజులవి.

ఇది పెద్దల కథలా కనిపిస్తుంది. కానీ పసిబిడ్డ క్షయకు మందు పెద్దవాళ్ల కఫంలోనే వెతకాలి. చిన్నపిల్లలు ఒకరికొకరు క్షయ అంటించడం చాలా అరుదు. వాళ్లకు అది ఇంట్లో దగ్గే తాతయ్య నుంచో, అమ్మ నుంచో, పక్కింటి మనిషి నుంచో వస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు క్రిమి సోకితే, వైద్యం లేనప్పుడు, ముగ్గురిలో ఒకరికి పైగా జబ్బు పడే ప్రమాదం ఉంది. పదిమందిలో ఒకరిద్దరికి అది మెదడు పొరలకో, ఒళ్లంతటికో పాకుతుంది. మన వీధుల్లో "ప్రైమరీ కాంప్లెక్స్" అని తేలిగ్గా అనేసే మాట వెనక ఇంత ఉంది. 1912లో ప్రాగ్ నగరంలో ఆంటన్ ఘాన్ వర్ణించిన జబ్బు రూపం అది. ఊపిరితిత్తిలో ఒక చిన్న మచ్చ, పక్కనే వాచిన ఒక గ్రంథి. బిడ్డ సన్నగా ఉంటే చాలు, దగ్గు రెండు వారాలు దాటితే చాలు, "ప్రైమరీ కాంప్లెక్స్" అని మందులు రాసేసే అలవాటు మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. దానివల్ల నిజంగా ఉన్నవాళ్లు తప్పిపోతారు, ఆస్తమా ఉన్న పిల్లలు ఆరు నెలలు క్షయ మందులు మింగుతారు. రెండూ నేరమే.

తెలుగునేల మీద ఈ పనికి ఇంకో పెద్ద చిరునామా మదనపల్లె ఆరోగ్యవరం. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ వైద్య కుటుంబం పనిచేసిన శానిటోరియం అది. మన దేశంలో బీసీజీ టీకా మొదలైన చోట్లలో ఒకటి, 1948లో. పసిపిల్లలకు మెదడు క్షయ రాకుండా ఆ టీకా ఈనాటికీ కాపాడుతోంది.

ఆ నూరు ఎవరిది

క్షయ తర్వాత మూర్తి గారి బృందం ఆరోగ్యంగా ఉన్న పిల్లల వైపు తిరిగింది. ఇది చాలామందికి వింతగా తోస్తుంది. జబ్బు లేని పిల్లలను కొలవడమేమిటి? కానీ ఆరోగ్యం అంటే ఎంతో తెలియకుండా జబ్బు ఎంతో ఎలా చెబుతాం? అప్పటిదాకా హైదరాబాద్‌లోని స్పైరోమీటర్లలో ఉన్న నూరు యూరప్, అమెరికా పిల్లలది. మన పిల్లలు, అదే ఎత్తున్నా, వాళ్లకన్నా తక్కువ గాలి ఊదుతారని లోకమంతటికీ తెలుసు. ఎంత తక్కువ, ఎందుకు తక్కువ అన్నది ఎవరికి వాళ్లు ఊహించుకునేవారు.

పి.ఎస్. రాజు, కె.వి.వి. ప్రసాద్, వై.వి. రమణ, ఎస్.కె. అహ్మద్, మూర్తి కలిసి హైదరాబాద్‌లోని అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలను పరీక్షించారు. మగపిల్లలే వెయ్యికి పైగా ఉన్నారు. వాళ్ల లెక్కలు 2003లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చాయి. ఆడపిల్లల లెక్కలు మరుసటి ఏడాది వచ్చాయి. ఎత్తు, వయసు, బరువు చెబితే ఈ ఊరి పిల్లవాడు ఎంత ఊదాలో చెప్పే సమీకరణాలు తయారయ్యాయి. హచిన్సన్ చెప్పినట్టే ఇక్కడా ఎత్తే అన్నిటికన్నా పెద్ద ఆధారం.

వీళ్లు అక్కడితో ఆగి ఉంటే ఇది ఒక మంచి సాంకేతిక పని అయి ఉండేది. 2005లో వచ్చిన మూడో వ్యాసం దాన్ని ఇంకా పెద్ద పని చేసింది. పిల్లలను కుటుంబ ఆదాయాన్ని బట్టి వర్గాలు చేసి చూశారు. ఉన్నవాళ్ల పిల్లల ఊపిరి ఎక్కువ, లేనివాళ్ల పిల్లల ఊపిరి తక్కువ. ఒకే ఊరు, ఒకే భాషలు, ఒకే జాతి. అయినా ఊపిరిలో తేడా.

ఈ ఫలితం మీద కాసేపు ఆగాలి. ఎందుకంటే ఊపిరి కొలతల చరిత్రలో ఒక పాడు అధ్యాయం ఉంది. హచిన్సన్ పరికరం అట్లాంటిక్ దాటిన కొద్దికాలానికే, అమెరికా దక్షిణాదిలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు నల్లజాతి బానిసల ఊపిరి తెల్లవాళ్లకన్నా తక్కువ కాబట్టి వాళ్లకు కట్టుబానిసత్వమే మంచిదని రాశాడు. అంతర్యుద్ధం తర్వాత 1869లో బెంజమిన్ గౌల్డ్ సైనికుల లెక్కలతో ఆ తేడాకు అంకెలు ఇచ్చాడు. బానిసల తిండి, గుడిసె, పని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ తేడా శరీరంలోనే ఉందనుకున్నారు. అది యంత్రాల్లోకి ఎక్కింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో, ఈ శతాబ్దంలో కూడా, నల్లవాళ్లనో ఆసియావాళ్లనో మీట నొక్కితే యంత్రం తనంతట తానే కొంత శాతం తగ్గించి లెక్క చూపేది. లండీ బ్రౌన్ అనే చరిత్రకారిణి 2014లో ఈ కథంతా పుస్తకంగా రాసింది.

ఇప్పుడు పాతబస్తీ తల్లి ప్రశ్నకు తిరిగి వద్దాం. తెల్లపిల్లల నూరుతో పోలిస్తే ఆ బిడ్డది 82. డాక్టరు జబ్బు అనుకోవచ్చు, అక్కర్లేని మందులు రాయవచ్చు. ఆసియా మీట నొక్కితే అదే ఊపిరికి శాతం పెరుగుతుంది. డాక్టరు ఏమీ లేదని పంపేయవచ్చు. హైదరాబాద్ సమీకరణం పెడితే ఈ ఊరి పిల్లలతో పోల్చి చెబుతుంది. అది మొదటి రెండిటికన్నా నిజాయితీ గల జవాబు. కానీ ఆ ఊరి పిల్లల్లో సగంమంది పొగలో, పస్తులతో పెరిగినవాళ్లయితే, వాళ్ల సగటును నూరు అనడం వాళ్ల లోటును మామూలు చేయడమే. అందుకే మూర్తి బృందం ఆదాయాన్ని విడదీసి చూపడం అంత విలువైనది. ఊరి కొలతను తెచ్చిన వాళ్లే, ఆ కొలతలోపల దాగిన పేదరికాన్ని కూడా బయటపెట్టారు.

పదేళ్ల తర్వాత సమతా సొన్నప్ప బృందం కర్ణాటకలో ఇదే ప్రశ్న మళ్లీ వేసింది. అక్కడి నగర పిల్లల ఊపిరి, ఇంగ్లండ్‌లో పెరిగిన భారత సంతతి పిల్లల ఊపిరితో ఇంచుమించు సమానంగా ఉంది. చిన్న ఊళ్ల, పల్లెల పిల్లలది తగ్గుతూ పోయింది. జన్యువులే కారణమైతే ఊరు మారితే ఊపిరి మారదు కదా. 2012లో ప్రపంచ ఊపిరి కొలతల ప్రాజెక్టు 74 వేలకు పైగా కొలతలతో కొత్త సమీకరణాలు తెచ్చినప్పుడు, భారత ఉపఖండం వాళ్లకు ఒకే ఒక్క నూరు ఇవ్వలేకపోయింది. మన లెక్కలు ఒకదానితో ఒకటి అంత దూరంగా ఉన్నాయి. 2023లో అమెరికా ఛాతీ వైద్యుల సంఘం జాతి మీటనే వాడవద్దని చెప్పింది. చాలా ఆలస్యంగా చెప్పింది. హైదరాబాద్ వ్యాసం అప్పటికి పద్దెనిమిదేళ్లుగా చేతికందుతూనే ఉంది.

వైద్యానికి కుటుంబం ఎంత ఖర్చుపెడుతుందన్నది కూడా మూర్తి వదల్లేదు. 2005లో జాతీయ స్థూల ఆర్థిక, ఆరోగ్య కమిషన్ కోసం ఆయనా జె.జి. శాస్త్రీ కలిసి ఆస్తమా మీద ఒక నివేదిక, దీర్ఘకాలిక శ్వాసరోగాల మీద ఇంకో నివేదిక రాశారు. క్షయ నుంచి కొలతలకు, కొలతల నుంచి కుటుంబం జేబుకు సాగిన ఆ వరస చూస్తే, ఒక ఛాతీ వైద్యుడి ఆలోచన ఎటు నడిచిందో తెలుస్తుంది.

పొగ తగ్గితే

లాడ్ బజార్ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజు చేయడానికి లక్కను బొగ్గుల పొయ్యి మీద కరిగిస్తూ సాగదీయాలి. పాతబస్తీ ఇళ్లలో చాలాచోట్ల ఆ పని పిల్లలు పడుకునే గదిలోనే జరుగుతుంది. ఆ పనివాళ్లకు గాలి ఆడే షెడ్లు కట్టించడం, ఆ కళను గౌరవించడంలో భాగమే. ఇంకో మాట. తలుపులు మూసి వెలిగించిన ఒక దోమల కాయిల్ నుంచి వచ్చే సన్నని ధూళి, 75 నుంచి 137 సిగరెట్ల నుంచి వచ్చేంత ఉంటుందని 2003లో ఒక పరిశోధన లెక్కగట్టింది. 

గాలి బాగుపడితే పిల్లల ఊపిరి బాగుపడుతుందా అన్నదానికి దక్షిణ కాలిఫోర్నియా జవాబు చెప్పింది. అక్కడ 1990ల నడిమి నుంచి 2011 దాకా మూడు విడతల బడిపిల్లలను కొలిచారు. ఆ మధ్యలో వాహనాల, పరిశ్రమల పొగ మీద కఠిన నియమాలు వచ్చాయి. పదిహేనేళ్ల వయసులో ఊపిరి బాగా తక్కువగా ఉన్న పిల్లలు మొదటి విడతలో 7.9 శాతం. చివరి విడతలో 3.6 శాతం. మందులతో కాదు, గాలితో.

చదువుతున్న తల్లిదండ్రులకు కొన్ని మాటలు. పిల్లికూతలతో పాటు బిడ్డ డొక్కలెగరేస్తుంటే, ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు నిండిన బిడ్డకు నిమిషానికి 50, ఏడాది దాటిన బిడ్డకు 40 దాటితే, అది నెమ్ము కావచ్చు. డొక్కలెగరేస్తున్న బిడ్డను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రెండు నెలలు నిండని బిడ్డకైతే 60 దాటితే చాలు. న్యుమోనియా టీకా 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు, వేయించండి. ఇంట్లో ఎవరికైనా క్షయ అని తేలితే, చిన్నపిల్లలకు ముందుజాగ్రత్త మందు ప్రభుత్వ కేంద్రంలో దొరుకుతుంది, అడిగి తీసుకోండి. ఆస్తమా అని డాక్టరు తేల్చి ఇన్‌హేలర్ రాస్తే, అలవాటైపోతుందని భయపడి ఆపకండి. ఇన్‌హేలర్ మందు మాత్రలోని మందుకన్నా ఎన్నో రెట్లు తక్కువ, నేరుగా గొట్టాలకే వెళ్తుంది. చేప ప్రసాదం తీసుకోవాలని మీ నమ్మకమైతే తీసుకోండి, ఇన్‌హేలర్‌ను మాత్రం ఆపకండి.

డాక్టర్లకు, బడులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. బడిలో ఏటా పిల్లల ఎత్తు, బరువు రాస్తున్నారు. అదే రోజున ఊపిరి కూడా కొలిచి రాయండి. కాగితం మీద శాతం పక్కనే, అది ఏ పిల్లల నూరుతో పోల్చారో కూడా రాయండి. హైదరాబాద్ పిల్లల సమీకరణాలు 2003 నుంచి అచ్చులో ఉన్నాయి. ఇరవై ఏళ్ల కిందటి ఆ కొలతలను ఇప్పటి పిల్లలతో మళ్లీ చేయాలి, ఈసారి శాలిబండ, చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా బడులను కలుపుకుని.